రెండు గీతల పెళ్లి

గోదావరిఖనిలో రాజకుమారి ఎవరని అడిగితే చాలామంది ముఖముఖాలు చూసుకుంటారు. సూదక్క అంటే మాత్రం ఆటో అతను సరాసరి దవాఖానకు తీసుకొచ్చి, రక్తపరీక్షల గది ఎటు వైపో చేత్తో చూపించి మరీ పోతాడు.

ఆమె తండ్రి గనిలో బొగ్గు నింపే కార్మికుడు. రోజూ చీకట్లోకి దిగి, ఎప్పుడు కూలుతుందో తెలియని గని పైకప్పు కింద పనిచేసే మనిషి, సూది కనబడితే చాలు కళ్లు తిరిగి కూలబడేవాడు. గని కార్మికులకు ఆరోగ్య పరీక్షలు జరిగే రోజున భార్య తోడు రానిదే ఇల్లు కదిలేవాడు కాదు. ఒకసారి ఆమెకు ఒంట్లో బాగోలేక కూతురిని పంపింది. రాజకుమారి అప్పుడు పదో తరగతి. తండ్రి కుర్చీలో బిగుసుకుపోయి కూర్చుంటే, చెయ్యి పట్టుకుని, "నాయినా, లగ్గం నాడు అవ్వ మొఖం మొదట ఎప్పుడు చూసినవే?" అని అడిగింది. ఆయన సిగ్గుపడ్డాడు. అడ్డంగా తలూపాడు. చివరికి నవ్వుతూ, పెళ్లిపీటల మధ్య అడ్డుగా తెరసెల్లా పట్టినవాళ్లలో ఒకడు తుమ్మితే అది జారిందనీ, అప్పుడు భార్య ముఖం చూశాననీ చెప్పుకొచ్చాడు. చెప్పడం పూర్తయ్యేసరికి రక్తం తీయడం కూడా పూర్తయింది. "అగో, అయిపాయెనా?" అని ఆయన ఆశ్చర్యపోతుంటే, ఆ పిల్లకు తాను చేయాల్సిన పనేమిటో తెలిసిపోయింది.

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, ఉద్యోగం దొరికి, దవాఖానలోనే జుట్టు నెరిసింది. ఇప్పటికీ ఆమె పద్ధతి అదే. ప్రతి మనిషికీ చెప్పాలని ఉబలాటపడే సంగతి ఒకటుంటుంది. దాన్ని కదిపితే చాలు, చెయ్యి దానంతటదే వదులవుతుంది. పాత కార్మికుల చేతుల మీద గాయాల్లో బొగ్గు పొడి ఇంకి నీలం మచ్చలుంటాయి. వాటి మధ్య నరం వెతుకుతూ ఒక్కో మచ్చ కథ అడుగుతుంది. కథ అయ్యేలోపు పని అయిపోతుంది. ఆమె భర్త ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. "నా బండి బొగ్గు మోస్తది, మా ఆమె మాటలు మోస్తది" అని నలుగురిలో అంటుంటాడు. రాజకుమారి కూడా ఆ మాటకు పడీపడీ నవ్వుతుంది.

ఆమెను ఊరంతా మరింతగా చెప్పుకునేలా చేసింది మాత్రం ఒక పెళ్లి.

మే నెల. మధ్యాహ్నం ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. దవాఖాన ముందు ఒకదాని వెనక ఒకటి ఆటోలు వచ్చి ఆగాయి. అందులోంచి కొత్త బట్టలు, మల్లెపూలు, అత్తరు వాసన, వాటితోపాటు నిద్రలో తూగుతున్న మనుషులు దిగారు. కొందరిని నడిపించుకొచ్చారు, కొందరిని ఎత్తుకొచ్చారు. అందరికంటే ముందు స్ట్రెచర్ మీద వచ్చింది పెళ్లికొడుకు వీరేందర్. జరీ కుర్తా, నుదుటి మీద బొట్టు, పెదాల మీద చిన్న నవ్వు. హాయిగా నిద్రపోతున్నాడు.

వాళ్ల వెనకాలే పెళ్లికొడుకు చిన్నాన్న సదయ్య అరుచుకుంటూ వచ్చాడు. "మందు కలిపిండ్రు మేడం! షర్బత్‌ల మందు కలిపిండ్రు! మా పిలగాడు పీటల మీదికి రావొద్దని చేసిండ్రు!"

డ్యూటీలో ఉన్నది డాక్టర్ మైత్రి. వాళ్ల తాతగారు కృష్ణా జిల్లా నుంచి గనుల్లో ఇంజనీరుగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆమె సదయ్యను ఒక పక్కకు జరిపి, ఒక్కొక్కరి నాడీ, శ్వాస, బీపీ చూసింది. పిలిస్తే పలుకుతున్నారు, మళ్లీ కళ్లు మూస్తున్నారు. "ప్రాణభయమేమీ లేదు. ముందు మీరు నెమ్మదించండి. ఏం జరిగిందో చెప్పండి" అంది.

సదయ్య చెప్పిందిది. మగపెళ్లివారిది రామకృష్ణాపూర్. ముహూర్తం రేపు పొద్దున. ఇవాళ పొద్దున్నే బస్సు మాట్లాడుకుని కొండగట్టు వెళ్లి, అంజన్న దర్శనం చేసుకుని, అటునుంచి అటే గోదావరిఖని ఫంక్షన్ హాలుకు వచ్చారు. ఆడపెళ్లివారు బ్యాండు మేళంతో ఎదురొచ్చి, అందరికీ చల్లటి షర్బత్ ఇచ్చారు. తాగి కుర్చీల్లో కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే ఒరిగిపోయారు. ఆ షర్బత్ కలిపింది పెళ్లికూతురి మేనమామ ఎల్లన్న.

"ఆయన కొడుక్కు ఆ పిల్లనియ్యలేదని పగపట్టిండు. ఏడాది నుంచి అక్కతోని మాటల్లేవట. ఇయ్యాల పిలవంగనే వచ్చి షర్బత్ నేనే కలుపుతా అన్నడట. ఇంకేం కావాలె మీకు?" అన్నాడు సదయ్య.

డాక్టర్ పోలీసు ఔట్‌పోస్టుకు కబురు చేయించి, రాజకుమారిని పిలిచింది. "అక్కా, ఏదో కలిపారన్న అనుమానం ఉంది. ఒంట్లోంచి పోకముందే మనం పట్టుకోవాలి. రక్తం, మూత్రం రెండూ కావాలి. ఇక్కడ పరీక్ష పట్టీల మీద చూద్దాం, కొంత సీలు వేసి హైదరాబాద్ పంపుదాం. అందరినీ లేపి, అడిగి తీసుకోవాలి. ఇది మీవల్లే అవుతుంది."

"అడుగుడు నాకొదిలిపెట్టుండ్రి మేడం" అని రాజకుమారి గ్లౌజులు తొడుక్కుంది.

రక్తం తేలిగ్గానే అయిపోయింది. నిద్రలో ఉన్నవాళ్లకు సూదంటే భయమేముంటుంది? పెళ్లికొడుకు దగ్గర వంగి, "వీరేందరూ, రక్తపరీక్ష చేస్త, సరేనా? నీ పెండ్లాం పేరేంది?" అని అడిగింది. అతను కళ్లు తెరవకుండానే తల ఊపి, "హ...ర్షి...ణి" అని, సిగ్గుపడి అటువైపు తిరగబోయాడు. చుట్టూ ఉన్న నర్సులు గొల్లుమన్నారు.

చిక్కు వచ్చిందల్లా మూత్రంతోనే. చేతిలో సీసా పెట్టి, ఇద్దరు చెరో రెక్క పట్టుకుని తీసుకెళితే, ఒక్కొక్కరూ అలాగే వెనక్కి వస్తున్నారు. "అక్కా, వస్తలేదు." "నాక్కూడ వస్తలేదు." "నోరంత ఎండిపోతుంది గాని, రావాల్సింది వస్తలేదు." రాజకుమారి నల్లా తిప్పి నీళ్ల చప్పుడు వినిపించింది. గోదావరిలో స్నానం గురించి మాట్లాడింది. వాన గురించి మాట్లాడింది. ఎలాగోలా కొందరు గట్టెక్కారు. పెళ్లికొడుకు మాత్రం గోడకానుకుని సీసా పట్టుకుని నిలబడే నిద్రపోతున్నాడు.

ఇంతలో వార్డు గుమ్మం దగ్గర కలకలం. పెళ్లికూతురు హర్షిణి వచ్చింది. చెంపల మీద పసుపు అలాగే ఉంది. తల్లి పూలమ్మ వద్దంటున్నా వినకుండా షేర్ ఆటో ఎక్కి వచ్చేసింది. వస్తూనే సదయ్యకు ఎదురుగా నిలబడింది.

"మామయ్య గట్ల చెయ్యడు. ఆయనకు కోపమొస్తే మాట బంద్ చేస్తడు. గంతే."

"నీకేం తెలుసు బిడ్డా..."

"నాకు కాకపోతే ఎవలకు తెలుసు? నన్ను ఎత్తుకుని పెంచిండు."

ఆ గొంతు విని మరుగుదొడ్డి లోపల వీరేందర్ ఉలిక్కిపడ్డాడు. "హర్షిణి వచ్చిందా?" అన్నాడు. వచ్చిందని రాజకుమారి బయటినుంచి చెప్పింది. "బయటనే నిలబడ్డది. నువ్వు సీసా నింపేదాక ఇక్కడినుంచి కదలనంటుంది." కాసేపటికి లోపలినుంచి విజయోత్సాహంతో ఒక కేక. "వచ్చింది అక్కా! వచ్చింది!" వార్డులో మెలకువగా ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. హర్షిణి చున్నీలో ముఖం దాచుకుని నవ్వింది.

సీసాలు వరుసగా పెట్టి రాజకుమారి సదయ్య వైపు తిరిగింది. "కాకా, నువ్వు షర్బత్ తాగినవా?"

"రెండు గ్లాసులు తాగిన."

"మరి నీకేం గాలేదేంది?"

"నా ఒళ్లు గట్టిది" అన్నాడు మీసం దువ్వుతూ.

"అట్లయితే నీది కూడ కావాలె. గట్టి ఒళ్లు ఎట్లుంటదో మేము కూడ చూడాలె గద."

సదయ్య గొణుక్కుంటూనే సీసా తీసుకుని వెళ్లాడు.

మాదకాలను, నిద్రమాత్రలను పసిగట్టే పట్టీలుంటాయి. ఒక్కో కార్డు మీద నాలుగైదు రకాలు. మూత్రంలో ముంచి తీసి బల్ల మీద పెడితే కాసేపటికి సన్నటి ఎర్ర గీతలు తేలతాయి. సదయ్య తలుపు దగ్గర నిలబడి మెడ చాచి చూస్తున్నాడు. వీరేందర్ పేరు రాసిన కార్డు మీద గీతలు తేలగానే ఒక్క అరుపు అరిచాడు.

"రెండు గీతలు! చూసిన్రా? కరోనప్పుడు నాక్కూడ రెండు గీతలే వచ్చినయ్! మందు కలిపిండ్రని చెప్పిననా లేదా?"

వెనకనుంచి ఎవరో ముసలమ్మ, "మా కోడలుకు రెండు గీతలొస్తేనే నెల తప్పిందన్నరు" అంది. వార్డంతా గొల్లున నవ్వింది.

రాజకుమారికి నవ్వాగక బల్ల పట్టుకోవాల్సి వచ్చింది. కళ్లు తుడుచుకుని, ఇంకో కార్డు చూపించింది. "ఇది నీదే కాకా. నీక్కూడ అన్నిట్ల రెండేసి గీతలొచ్చినయ్. మరి ఎన్నో నెల?"

సదయ్య చటుక్కున పొట్ట తడుముకున్నాడు.

"ఈ పట్టీల లెక్క తిరకాసుంటది" అని ఆమె అప్పుడు నెమ్మదిగా చెప్పింది. "రెండు గీతలొస్తే ఆ మందు కనబడలేదన్నట్టు. ఒక్కటే వస్తే అనుమానపడాలె. ఇక్కడ అందరికీ రెండే వచ్చినయ్. పెండ్లికొడుక్కు, నీకు, అందరికీ."

దవాఖాన మెట్ల మీద ఎల్లన్న కూర్చుని ఉన్నాడు. పెళ్లి కోసం కుట్టించుకున్న తెల్ల చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. కాళ్ల మధ్య మూతపెట్టిన స్టీలు క్యాను. మిగిలిన షర్బత్ అందులోనే ఉంది. హాల్లో భయపడి పారబోయబోతే, అడ్డుపడి మోసుకొచ్చాడు.

రాజకుమారి కనబడగానే లేచి నిలబడ్డాడు. "అక్కా, దీన్ని గూడ చూడుండ్రి. కాదంటే నేనే తాగుత, మీ ముంగట్నే తాగుత." మూత తీయబోయాడు.

ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "తాగకు అన్నా. దీన్ని పరీక్షకు పంపాలె."

"నిమ్మకాయలు, చక్కెర, సబ్జ గింజలు, ఐసు. ఇంకొకటి వేస్తే నా చెయ్యి ఇరిగిపోవాలె. ఏడాది మాట్లాడకపోతి, అది నా తప్పే. హర్షిణి కార్డు తీసుకుని తనే వచ్చింది. 'మామయ్యా, నువ్వు లేకుండ నాకు లగ్గమెట్లయితది' అన్నది. గా మాటతోని కోపమంత కడుక్కపోయింది. పిల్లకు నా చేతుల మీద ఏదన్న చెయ్యాలెనని షర్బత్ మీదేసుకున్న." తీయబోయిన మూత మళ్లీ బిగించాడు. "నువ్వు చెప్పు అక్కా. నేనేం కలపలేదని అందరికీ చెప్పు."

రాజకుమారికి చెప్పేయాలనే అనిపించింది. ఆ ముఖం చూస్తే ఎవరికైనా అనిపిస్తుంది. కానీ పట్టీ ఎంత చెప్పిందో అంతే చెప్పాలి. "అన్నా, నిద్రమాత్రల జాడ ఇందుల కనబడలేదు. ఇది నేను ఎవ్వల ముందలైన చెప్త. కాని ఈ పట్టీకి అన్ని మందులు తెల్వయి. అందరు ఎందుకు పడిపోయిన్రో ఇంక తెలువాలె. జర ఓపిక పట్టు."

ఆయన మళ్లీ మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె క్యాను తీసుకుని, అందులోంచి కొంత సీసాలోకి తీసి, మూత బిగించి, సీలు వేసింది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె మనసు మెట్ల మీదే ఉంది.

లోపల డాక్టర్ మైత్రి వీరేందర్ కళ్లలోకి టార్చి వేసి చూస్తోంది. "అక్కా, కంటిపాపలు పెద్దవయ్యాయి. అందరికీ నోరు ఎండిపోతోంది. నాడి వేగంగా ఉంది. మూత్రం రావడానికి ఎంత ఇబ్బంది పడ్డారో మీరే చూశారు. ఇది నిద్రమాత్రల తీరు కాదు. జలుబు మాత్రలో, వాంతుల మాత్రలో ఎక్కువైతే ఇలా అవుతుంది. వీళ్లే ఏమైనా వేసుకున్నారేమో."

"పడిపోయినోళ్లంత బస్సుల వచ్చినోళ్లే మేడం" అంది రాజకుమారి. "సదయ్య ఒక్కడే బస్సు ఎక్కలేదట. ఫస్ట్ షిఫ్టు దిగి సక్కగ హాలుకు వచ్చిండు. షర్బత్ ఆయన కూడ తాగిండు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బస్సు కొండ ఎక్కింది, దిగింది. ఏం వేసుకున్నారని అడిగితే, తూగుతున్నవాళ్లు "అవ్వ ఇచ్చింది" అన్నారు. ఏమిచ్చిందో ఎవరికీ తెలియదు. ఇచ్చింది, వేసుకున్నారు, అంతే. ఆ అవ్వ ఎవరంటే పెళ్లికొడుకు నాయనమ్మ సారవ్వ. ఆమె అందరికంటే గాఢంగా, చివరి మంచం మీద గురక పెడుతోంది.

రాజకుమారి వెళ్లి పక్కన కూర్చుంది. చెయ్యి నిమిరింది. భుజం తట్టింది. పలుకులేదు. చెవి దగ్గర నోరు పెట్టి, "అవ్వా, నీ లగ్గానికి ఎడ్లబండి మీద పోయినవటనే?" అంది.

గురక ఆగింది. ఒక కన్ను తెరుచుకుంది.

"ఎడ్లబండే బిడ్డా" అంది సారవ్వ, నాలుక తడబడుతూ. "ఎడ్లబండైతే మంచిగుంటుండె. కక్కుడు లేదు, కడుపుల తిప్పుడు లేదు. గీ బస్సు గుట్టెక్కితే సాలు, పేగులు నోట్లెకొస్తయ్. గందుకే అందరికి గోళీలిచ్చిన."

"ఏం గోళీలవ్వా?" అని డాక్టర్ మెల్లగా అడిగింది.

సారవ్వ కొంగు ముడి విప్పింది. ఖాళీ అయిన మాత్రల అట్టలు బొలబొలా మంచం మీద రాలాయి. "కక్కుడుకేసుకునేటియి. పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. వీరిగానికి ఎక్కువనే ఇచ్చిన. లగ్గం పిలగాడు, కక్కితే కొత్త బట్టలు ఖరాబైతయ్ గద. నేను గూడ ఏసుకున్న." చుట్టూ చూసి, ఆమె ముఖం విప్పారింది. "ఒక్కడన్న కక్కిండా?"

"లేదవ్వా," అంది రాజకుమారి, నవ్వును పళ్ల మధ్య బిగబట్టి, "ఒక్కడు కూడ కక్కలే."

అంతే, వార్డు కప్పు ఎగిరిపోయేలా నవ్వులు. డాక్టర్ మైత్రి అట్టల మీద పేరు చదివి తల ఊపింది. అవే వాంతుల మాత్రలు, నిద్ర తెప్పించేవే. అందులోనూ చాలామంది రాత్రి షిఫ్టు దిగి, నిద్ర లేకుండా, ఏమీ తినకుండా బస్సెక్కినవాళ్లు. పైన ఈ ఎండ. మాత్రలు ఇంకొన్ని పడి ఉంటే ప్రమాదమయ్యేదని ఆమె సారవ్వకు మెత్తగానే, కానీ గట్టిగా చెప్పింది. "హైదరాబాద్ నుంచి రిపోర్టు వచ్చేదాకా ఇదే చివరి మాట అనను. కానీ వీళ్ల తీరు చూస్తే కారణం ఇదే. సాయంత్రానికి అందరూ లేచి కూర్చుంటారు. రేపు పెళ్లి చేసుకోవచ్చు."

హర్షిణి ఒక్క పరుగున మెట్ల దగ్గరికి వెళ్లి మేనమామ మెడ చుట్టూ చేతులు వేసింది. సదయ్య వెనకాలే వచ్చి, ఏమనాలో తెలియక చొక్కా గుండీలు సవరించుకుంటూ నిలబడ్డాడు. చివరికి ఎల్లన్న పక్కనే మెట్టు మీద కూలబడ్డాడు.

"బావా, నేను నోరుజారిన. నలుగురి ముంగట అనరాని మాటన్న. మాఫ్ చెయ్యి."

ఎల్లన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆయనకు కోపమొస్తే మాట బంద్ అని హర్షిణి చెప్పనే చెప్పింది. సదయ్య మళ్లీ అన్నాడు. "క్యాన్ల ఇంక ఉన్నదా? ఉంటె ఒక గ్లాసు నాకియ్యి. అందరి ముంగట తాగుత."

"క్యాను ముట్టుకోకుండ్రి. అది ఇప్పుడు దవాఖాన సొత్తు" అంది రాజకుమారి గుమ్మంలోంచి.

అప్పటికి ఎల్లన్నకు నవ్వొచ్చింది. "రేపు కలుపుత బావా. గంగాళం నిండ కలుపుత. నువ్వు తాగలేక కిందపడాలె."

సాయంత్రానికి ఒక్కొక్కరే లేచారు. ఎక్కడున్నామో తెలియక కొందరు ఫంక్షన్ హాలు ఇంత తెల్లగా ఉందేమిటని అడిగారు. వీరేందర్ లేచీ లేవగానే పసుపు చెంపలతో పెళ్లికూతురు ఎదురుగా ఉండటం చూసి, పెళ్లి అయిపోయిందేమోనని కంగారుపడ్డాడు.

మర్నాడు రాజకుమారి సెలవు పెట్టి, భర్తను వెంటబెట్టుకుని పెళ్లికి వెళ్లింది. గుమ్మంలో పన్నీరు చల్లే పిల్లలు సారవ్వను ఆపి, "అవ్వా, కొంగు చూపియ్యి" అని ఆటపట్టిస్తుంటే, ఆమె కొంగు దులిపి, దులిపి చూపిస్తూ నవ్వుతోంది. సదయ్య మాట తప్పకుండా మొదటి గ్లాసు తాగాడు. తర్వాత వరుసగా ఎన్ని తాగాడో ఆయనకే లెక్క తెలియదు. తలంబ్రాల దగ్గర వీరేందర్ అందరికంటే హుషారుగా ఉన్నాడు. పూలమ్మ రాజకుమారి చేతులు పట్టుకుని కూర్చోబెట్టి, విస్తట్లో బూరెలు వడ్డిస్తూనే ఉంది.

కొన్ని వారాల తర్వాత హైదరాబాద్ నుంచి రిపోర్టు వచ్చింది. షర్బత్‌లో ఏ మందూ లేదు. మూత్రంలో దొరికింది వాంతుల మాత్ర ఒక్కటే. డాక్టర్ మైత్రి పిలిచి చెప్పి, "షర్బత్ సంగతి ఎల్లన్నకు మీరు చెప్తారా అక్కా?" అంది.

ఫోనులో చెప్పవచ్చు. రాజకుమారి డ్యూటీ దిగి బస్సెక్కి, గోదావరి దాటి, మందమర్రిలో ఎల్లన్న క్వార్టరుకు వెళ్లింది. ఆయన వాకిట్లో సైకిలుకు గాలి కొడుతున్నాడు. ఆమెను చూసి పంపు వదిలేసి లేచాడు.

"అన్నా, ఆనాడు మెట్ల మీద నువ్వొక మాట చెప్పుమన్నవు. అప్పుడు చెప్పలేకపోయిన. ఇప్పుడు చెప్త. రిపోర్టు వచ్చింది. నీ షర్బత్‌ల నిమ్మకాయ, చక్కెర తప్ప ఇంకేం లేదు."

ఎల్లన్న పైకి మామూలుగానే, "అందరికీ తెలిసిందే గదక్కా. అందరు మర్చిపోయిన్రు గూడ" అన్నాడు. కానీ కళ్లు నిండాయి. రెండడుగులు ఇంటివైపు వేసి భార్యను కేకేశాడు. "ఏమేవ్, ఇటు రా! అక్కా, మల్లొక్కసారి చెప్పు. ఆమె గూడ విననీ."

రాజకుమారి మళ్లీ చెప్పింది. పక్కింటివాళ్లు వచ్చారు, వాళ్లకూ చెప్పింది. ఎల్లన్న పూలమ్మకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు, ఇంకోసారి చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఆయన మొదటిసారి విన్నట్టే తల ఊపుతూ విన్నాడు. ఈలోగా పెరట్లో కోడి అరిచింది. వెళ్తానంటే ఆయన భార్య చేతిసంచి లాక్కుని లోపల పెట్టేసింది.

రాజకుమారి అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని భర్తకు ఫోన్ చేసింది. "బస్సు పోయింది. వీళ్లు కోడిని కోస్తున్నరు, నన్ను పంపేటట్లు లేరు."

"మంచిదే," అన్నాడాయన, డంపర్ హోరులోంచి గట్టిగా, "నాకు ఇంత కూర కట్టియ్యమను."